దూడ వాటా

చిన్నీ, బుజ్జీ,

"తాతయ్యా, తువాలు దేశం మునిగిపోకుండా ఎవరో డబ్బులిచ్చారట, అవి తిరిగి కట్టాలా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

తువాలు పసిఫిక్ సముద్రంలో తొమ్మిది చిన్న దీవుల దేశం. అన్నీ కలిపినా 26 చదరపు కిలోమీటర్లే. అక్కడివాళ్ళు గుంతలు తవ్వి, మన చేమదుంప లాంటి పులాకా పండించుకుంటారు. సముద్రమట్టం పెరగడంతో ఇప్పుడా గుంతల్లోకి అడుగునుంచి ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి.

మా నాయనమ్మకి ఒక పాడిగేదె ఉండేది. తెల్లవారుజామున ముందు దూడని వదిలేది. దూడ నాలుగు గుక్కలు కుడిస్తేగానీ గేదె చేపదు. చేపాక దూడని పక్కన కట్టి, చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూడు చన్నులే పిండేది. నాలుగోది దూడ వాటా. ఇంటికి చుట్టాలొచ్చినా, పాలు చాలకపోయినా దాని జోలికి వెళ్ళేది కాదు. ఆ దూడే నాలుగేళ్ళకి మాకు పాలిచ్చింది.

తువాలుకీ అలాంటి గేదె ఉంది. 1987లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ వంటి దేశాలు, తువాలు కూడా కలిసి ఒక నిధి పెట్టాయి. అందులో అసలు సొమ్ముని ముట్టుకోరు. వచ్చిన రాబడిలో కూడా ధరలు ఎంత పెరిగాయో అంత ముందు నిధికే వదిలేస్తారు. అదే దూడ వాటా. మిగిలిందే ప్రభుత్వానికి.

అయితే పాడి ఇల్లు గడపడానికి సరిపోతుంది గానీ, సముద్రాన్ని ఆపడానికి చాలదు కదా. అందుకు 2016లో, వాతావరణ మార్పుని తట్టుకోవడానికి దేశాలకి డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ 3.6 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అది అప్పు కాదు, గ్రాంటు. తిరిగి కట్టక్కర్లేదు. దీవుల వలయం మధ్యనున్న ఉప్పునీటి మడుగులోని ఇసుక తోడిపోసి, రాజధాని ఫునాఫుటి ఒడ్డున 2023 చివరికల్లా 7.3 హెక్టార్ల కొత్త నేల తయారు చేశారు. అంటే మన లెక్కలో 18 ఎకరాలు.

కొన్ని చిన్న దేశాలు ఇలాంటి పనులకి అప్పులు కూడా తీసుకోవాల్సి వస్తోంది. నాకది అస్సలు నచ్చదు. సముద్రం పెరుగుతున్నది ఎక్కువగా పెద్ద దేశాల పొగ వల్లే కదా. ఎదురింటి పొయ్యి పొగకి మన గోడ మసిబారితే, సున్నం కొట్టించుకోమని మనకే అప్పివ్వడం న్యాయమా, మీరే చెప్పండి.

ఇంకా చెప్పాలని ఉంది గానీ, ముందు మీరొకటి చూడండి. అమ్మ ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఫునాఫుటి అని కొట్టండి. విమానాల రన్‌వే కనిపిస్తుంది. దానికి ఒక పక్క మడుగు, ఇంకో పక్క మహాసముద్రం. రెండిటి మధ్య ఇళ్ళకి ఎంత చోటుందో వేలితో కొలిచి నాకు చెప్పండి.

మీ తాతయ్య