థీమ్ పార్కుకు ఏ బ్యాగు? అపోహలు - వాస్తవాలు

వండర్‌లాకో రామోజీ ఫిల్మ్‌సిటీకో ఇంటిల్లిపాదీ బయల్దేరేముందు మా దుకాణానికి బ్యాగు కొనడానికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని పడతాయి?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు రైడ్‌లో ఉన్నప్పుడు ఆ బ్యాగు ఎక్కడుంటుంది? లాకర్‌లోనా, కింద కూర్చున్న అమ్మమ్మ ఒళ్లోనా, మీ వీపు మీదేనా? సైజూ గుడ్డా పట్టీలూ అన్నీ దాన్నిబట్టే.

అపోహ: పెద్ద బ్యాగు ఒక్కటుంటే అన్నీ ఒకచోటే ఉంటాయి.

ఎత్తు చాలని చిన్నవాడు ఒకరితో పిల్లల రైడ్ల వైపు, మిగతావాళ్లు రోలర్ కోస్టర్ వైపు వెళ్తారు. బ్యాగు ఒక్కటే అయితే ఎవరో ఒకరి దగ్గర నీళ్లుండవు, ఇంకొకరి దగ్గర డబ్బులుండవు. నలుగురికి 20-25 లీటర్ల బ్యాక్‌ప్యాక్ ఒకటి, 2-3 లీటర్ల స్లింగ్ బ్యాగు ఒకటి సరిపోతాయి. పొడిబట్టలు, తువ్వాళ్లు బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి లాకర్‌లో ఉంచండి. ఫోన్లు, డబ్బు, కారు తాళం ఉన్న స్లింగ్ రైడ్ ఎక్కనివాళ్ల దగ్గర ఉండాలి. ఇన్‌హేలర్, షుగర్ మందులు మాత్రం ఎప్పుడూ లాకర్‌లో పెట్టొద్దు. అవసరం పడినప్పుడు లాకర్ దాకా నడిచి వెళ్లే వ్యవధి ఉండదు.

రామోజీ ఫిల్మ్‌సిటీ లెక్క కాస్త వేరు. అక్కడ రోజులో చాలాసేపు బస్సు ఎక్కడం, దిగడం, నడవడమే. ఒళ్లో పట్టేంత బ్యాగు, 15-18 లీటర్లది, హాయిగా ఉంటుంది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే లోపల తడవదు.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 600 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) పాలిస్టర్‌కి లోపల పీయూ (పాలియురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉంటే గుడ్డలోంచి నీళ్లు రావు, నిజమే. కానీ బ్యాగంటే గుడ్డ ఒక్కటే కాదు. కుట్టు పడిన ప్రతిచోటా సూది రంధ్రం ఉంటుంది, జిప్ పళ్ల మధ్య సందు ఉంటుంది. నీళ్లు వచ్చేది ఆ దారుల్లోనే. చినుకుల్ని ఆపే బ్యాగు వాటర్ రైడ్ దగ్గర ఒక్కసారిగా మీద పడే నీటిని ఆపలేదు.

కొనే ముందు లైనింగ్ పక్కకు తీసి కుట్ల మీద టేపు అతికించి ఉందా చూడండి. ఇంట్లో పరీక్ష ఇంకా తేలిక. లోపల నాలుగు మూలలా, జిప్ కింద టిష్యూ కాగితాలు పెట్టి మూసి, షవర్ కింద 5 నిమిషాలు ఉంచండి. ఏ కాగితం తడిసిందో చూస్తే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుస్తుంది.

నిజంగా తడవకూడదంటే నోరు చుట్టి మూసే రోల్‌టాప్ సంచి కావాలి. మూతిని కనీసం మూడు మడతలు చుట్టాకే బకిల్ పెట్టాలి. ఒక్క మడతతో వదిలేస్తే అది మామూలు సంచే. మూతి దాకా కుక్కితే మడతకు చోటు మిగలదు కాబట్టి పైన నాలుగో వంతు ఖాళీ వదలండి. సాయంత్రం ఇదే సంచి తడిబట్టలకూ పనికొస్తుంది. అందుకే 10 లీటర్లది ఒకటి వెంట ఉంచుకోమని గట్టిగా చెబుతాం.

అపోహ: నడుముకు కట్టుకునే పౌచ్‌తో ఏ రైడ్ అయినా ఎక్కొచ్చు.

తొడల మీదికి దిగే సేఫ్టీ బార్ ఒంటికి ఆని లాక్ అవ్వాలి. మధ్యలో ఫోన్, పవర్‌బ్యాంక్ ఉన్న పౌచ్ ఉంటే బార్ దాని మీద ఆగుతుంది. రైడ్ కదిలాక పౌచ్ పక్కకు జరిగితే అంత ఖాళీ ఏర్పడుతుంది. సిబ్బంది తీసేయమంటే వాదించకండి.

అపోహ: టిఫిన్ డబ్బాలకు సరిపడా బ్యాగు ఉండాలి.

వండర్‌లాలో బయటి తిండిని లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆగిపోతుంది. పసిపిల్లల ఆహారం ఉంటే తనిఖీ దగ్గర ముందే చూపించండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఓర్లాండోలోని డిస్నీ పార్కులు చూసే అమ్మానాన్నలకు మాత్రం డబ్బా తీసుకెళ్లే వీలుంది. గాజు సీసాలు, విడి ఐసు, డ్రై ఐసు కుదరవు. బ్యాగు 61 × 38 × 46 సెంటీమీటర్లు దాటకూడదు.

అపోహ: ఎవరి సామాను వాళ్లే మోస్తే బరువు తగ్గుతుంది.

లీటరు నీళ్లంటే కిలో బరువు. కేంద్ర ప్రభుత్వ స్కూల్ బ్యాగ్ విధానం (2020) బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో 10 శాతం మించకూడదంటుంది. 20 కిలోల పిల్లకు బ్యాగుతో కలిపి 2 కిలోలే. పార్కులో రోజంతా నడక కాబట్టి అందులో సగమే పెట్టండి. తాడు లాగి మూసే సంచులు చూడ్డానికి తేలికే గానీ, సన్నటి తాళ్లు గంటలోపే భుజాల్లోకి దిగబడతాయి. వెడల్పు పట్టీలే కావాలి. పిల్లల బ్యాగు మీద పేరు పైకి కనపడేలా రాయకండి. మీ ఫోన్ నంబర్ చీటీ లోపలి అరలో ఉంటే చాలు.

అపోహ: ఇంటికొచ్చాక ఆరేస్తే సరిపోతుంది.

పూల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. కడగకుండా ఆరేస్తే జిప్ రన్నర్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. రాత్రికి రాత్రే మంచినీళ్లతో కడిగి, జిప్‌లన్నీ తెరిచి, తలకిందులుగా నీడలో వేలాడదీయండి. తడి బ్యాగు కారు డిక్కీలోనే రోజుల తరబడి ఉండిపోతే వాసన ఒక్కటే కాదు, ఆ వేడికీ తేమకీ లోపలి పూత జిగురెక్కి పొలుసులుగా రాలుతుంది. పూత పోయిన బ్యాగును బాగుచేయడం మా చేతుల్లో కూడా ఉండదు.