ఖాళీ గడిలో వాలంటీరు పేరు

బడులు తెరిచిన కొద్ది రోజులకే ఏటా తలెత్తే ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. టీచరు లేని తరగతికి ఊళ్లో చదువుకుని ఖాళీగా ఉన్న యువతను పంపవచ్చా, పంపితే వారిని ఏమని పిలవాలి, వారికి ఏమివ్వాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర విద్యా వాలంటీర్లు ఎలా వచ్చారో, మన నోట వారు ‘వీవీలు’గా ఎలా స్థిరపడ్డారో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నేటి వివాదానికి మూలం మాత్రం మన దగ్గర లేదు. రాజస్థాన్‌లోను, మధ్యప్రదేశ్‌లోను ఒకే పేరుతో నడిచి, ఒకదానికొకటి పొంతన లేకుండా పోయిన రెండు పథకాల మధ్య అది ఉంది.

రాజస్థాన్‌లో శిక్షాకర్మి, అంటే విద్యా కార్యకర్త, పథకం 1987లో స్వీడన్ ఆర్థిక సహాయంతో మొదలైంది. అంతకు ముందు దశాబ్దంలో అజ్మీర్ జిల్లా తిలోనియాలోని స్వచ్ఛంద సంస్థ చేసి చూసిన ప్రయోగమే దానికి ఆధారం. మారుమూల ఊళ్లకు నియమించిన టీచర్లు అక్కడ నిలవడం లేదు కాబట్టి, ఆ ఊరివారే అయిన ఇద్దరిని ఎంచుకుని, వారికి తగిన శిక్షణ ఇచ్చి బడి అప్పగించాలన్నది ఆలోచన. పురుషులకు ఎనిమిదో తరగతి, స్త్రీలకు ఐదో తరగతి చదువు ఉంటే చాలన్నారు. చదువు తక్కువన్న సంగతి దాచలేదు. ఆ లోటును పదేపదే ఇచ్చే శిక్షణతో పూడ్చాలనుకున్నారు. అంటే అది టీచరు రాని ఊరికి కనిపెట్టిన మందు.

తర్వాతి దశాబ్దంలో అదే పేరును మధ్యప్రదేశ్ తీసుకుంది, జబ్బును మాత్రం మార్చేసింది. అక్కడ పంచాయతీల ద్వారా శిక్షాకర్ములను తీసుకోవడం మొదలుపెట్టి, రెగ్యులర్ ఉపాధ్యాయ కేడర్‌లో కొత్త నియామకాలు ఆపేశారు. రిటైరైనవారి స్థానంలోకి ఆ కేడర్‌లో ఇంకెవరూ రారు. 1997 జనవరి 1న మొదలైన విద్యా హామీ పథకం ఇంకో అడుగు ముందుకు వేసింది. కిలోమీటరు లోపు బడి లేని గిరిజన ఆవాసంలో 25 మంది, మిగతా చోట్ల 40 మంది పిల్లలున్నట్టు తల్లిదండ్రులు చూపితే, 90 రోజుల్లో ‘గురూజీ’ అనే టీచరును ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. బడి ముఖం చూడని ఆవాసాలకు అది నిజంగానే బడిని తెచ్చింది, అంతర్జాతీయ ప్రశంస కూడా పొందింది. కానీ గురూజీకి మొదట్లో దక్కింది నెలకు రూ.500. టీచరు రాకపోవడానికి పుట్టిన పరిష్కారం, టీచరుకు జీతం ఇవ్వకుండా సరిపెట్టుకునే పద్ధతిగా మారింది ఇక్కడే. ఆ తర్వాత వచ్చిన పేర్లన్నీ, మన వీవీలతో సహా, తిలోనియా వైపు కాకుండా ఈ వైపు నుంచే వచ్చాయని ఈ రచయిత అభిప్రాయం.

ఈ తేడా కాగితం మీద కంటే తరగతి గదిలో బాగా తెలుస్తుంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో సారు మండల కేంద్రంలో మీటింగుకు వెళ్లిన రోజున ఐదు తరగతులూ వీవీ చేతిలోనే ఉండేవి. నల్లబల్లకు నడిమధ్యన సుద్దతో నిలువుగీత గీసి, ఒక పక్క రెండో తరగతికి గుణింతాలు, మరో పక్క నాలుగో తరగతికి భాగాహారాలు రాసిన గది చూసినవారికి ‘సహాయకులు’ అన్న మాట ఎంత బోలుదో అర్థమవుతుంది. సాయంత్రానికి రిజిస్టరులో సంతకం పెట్టే చోట మాత్రం ఆ వీవీ పేరు రెగ్యులర్ వారి పేర్ల కింద, విడిగా ఉండేది. వేసవి సెలవులకు గౌరవ వేతనం ఉండేది కాదు. జూన్‌లో రెన్యువల్ ఉత్తర్వు వస్తేనే మళ్లీ పని దొరికేది. తెలంగాణలో ఆ వేతనం నెలకు రూ.12 వేల దాకా చేరింది. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాక వేలాది మందికి ఆ రెన్యువల్ ఉత్తర్వు రానేలేదు. వారిని తొలగించామని ఎవరూ చెప్పలేదు; చెప్పవలసిన అవసరం లేకుండానే ఆ ఏర్పాటు ఉంది.

ఉపాధ్యాయ సంఘాల వాదన తేలిగ్గా కొట్టేయదగింది కాదు. వాలంటీర్లను తీసుకున్న ప్రతిసారీ డీఎస్సీ, అంటే రెగ్యులర్ టీచర్ల నియామకం, వెనక్కి పోతుందని, శిక్షణ లేనివారి చేతిలో పేదల పిల్లలే పడతారని అవి అంటాయి. డీఎస్సీ పూర్తయ్యేదాకా తరగతి ఆగదు కదా అన్నది విద్యాశాఖ సమాధానం. ఈ రెండింటి మధ్య చట్టం ఏనాడో ఒక గీత గీసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం మించరాదు. అదే ఏడాది ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్సీటీఈ) టీచర్లకు కనీస అర్హతలు ప్రకటించి, అర్హత పరీక్ష టెట్‌ను తప్పనిసరి చేసింది. అర్హతల గురించిన ఈ రెండో సగం వాలంటీరుకు వెంటనే వర్తించింది. ఖాళీల గురించి చెప్పిన మొదటి సగం మాత్రం ప్రభుత్వాలను అంత గట్టిగా పట్టుకోలేదు.

అది ఎక్కడికి దారి తీస్తుందో ఉత్తరప్రదేశ్ చూపింది. అక్కడ 1999లో ఇంటర్మీడియట్ అర్హతతో, పదకొండు నెలల ఒప్పందంతో శిక్షామిత్రలు అనే ఒప్పంద టీచర్లను తీసుకోవడం మొదలుపెట్టారు. వారి సంఖ్య కాలక్రమంలో సుమారు 1.78 లక్షలైంది. 2014లో ప్రభుత్వం వారిని అసిస్టెంట్ టీచర్లుగా క్రమబద్ధీకరించడం ప్రారంభించగా, 2015 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు కొట్టివేసింది. 2017 జులై 25న సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. దొడ్డిదారి నియామకాలను క్రమబద్ధీకరించరాదని రాజ్యాంగ ధర్మాసనం 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో చెప్పిన మాట దానికి బలం. తీర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే పదిహేనేళ్లకు పైగా పలకా బలపం పట్టించినవారు మళ్లీ మానధన్ మీదికి, అంటే గౌరవ వేతనం మీదికి వచ్చారు. అంతకాలం వారిని ఆ తరగతుల్లో నిలబెట్టినవారి మీద ఏ భారమూ పడలేదు.

ఇదంతా జరుగుతుండగానే, అసలైన అర్థంలో స్వచ్ఛంద బోధనకు కేంద్రం 2016లో విద్యాంజలి ప్రారంభించింది. 2021 సెప్టెంబరులో దాన్ని కొత్త రూపంలో తెచ్చింది. రిటైరైన ఉద్యోగులు, పూర్వ విద్యార్థులు, కాలేజీ యువత వారానికి ఇన్ని గంటలని వచ్చి ఏ పాటో, చదరంగమో, లెక్కల్లో వెనుకబడిన పిల్లలకు అదనపు పాఠమో చెప్పి వెళ్లడం మంచిదే. టీచరు ఉన్న బడిలో దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. టీచరే లేని బడికి పంపితే మాత్రం ఆ యువకుడు సాయంగా వచ్చినా ఖాళీ గడిలోనే నిలబడతాడు. పాతికేళ్ల కిందట వీవీ నిలబడిన చోటు కూడా అదే.

వీవీల కోరిక ఇప్పుడు రెగ్యులర్ చేయమన్నది కూడా కాదు, కనీసం అందరి నోటా కాదు. శిక్షామిత్రల క్రమబద్ధీకరణను తిరస్కరించిన తీర్పులోనే సుప్రీంకోర్టు, వరుసగా రెండు నియామకాల్లో వారికి వయసు సడలింపును, అనుభవానికి తగిన వెయిటేజీని ఇవ్వవచ్చని చెప్పింది. వీవీల్లో చాలామంది దాన్నే చూపుతున్నారు. తెలంగాణలో 2024 డీఎస్సీలో రాత పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కులు. మొత్తం నూటిలో వీవీగా పాఠం చెప్పిన ఏళ్లకు ఒక్క మార్కూ లేదు.