నాలుక కింద మాత్ర చేసేదీ, చెయ్యనిదీ

స్టెంటు వేయించుకున్నవాళ్లూ, బైపాస్ అయినవాళ్లూ, నాలుగు మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని చెప్పేవాళ్లూ ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల చొక్కా జేబులోనో, హ్యాండ్‌బ్యాగులోనో చిన్న మాత్రల స్ట్రిప్పు ఒకటి ఉంటుంది. మందులషాపులో దాన్ని సార్బిట్రేట్ అంటారు, ఇంట్లో నాలుక కింద మాత్ర అంటారు. అందులోని మందు ఐసోసార్బైడ్ డైనైట్రేట్, మామూలుగా 5 మిల్లీగ్రాములది. డాక్టరు రాసిచ్చినవాళ్లు దాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిందే. ఈ మధ్య మాత్రం గుండె జబ్బు ఉందో లేదో తెలియనివాళ్లు కూడా ఎందుకైనా మంచిదని పర్సులో పెట్టుకుంటున్నారు. కాన్పూర్‌లోని ఒక హృద్రోగ సంస్థ వైద్యులు 7 రూపాయల ‘రామ్ కిట్’ గురించి చెప్పాక ఆస్పిరిన్, రోసువాస్టాటిన్, సార్బిట్రేట్ మూడూ కలిసి ఉన్న ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

అలాంటి ఫొటో చూసినప్పుడల్లా నాకు దిగులుగా ఉంటుంది. మూడూ పక్కపక్కన కనిపించేసరికి మూడూ ఒకే పని చేస్తాయనుకుంటారు. నిజానికి సార్బిట్రేట్ నొప్పిని తగ్గిస్తుంది. గుండెపోటులో ప్రాణం దక్కే అవకాశాన్ని పెంచేది ఆస్పిరిన్. రోసువాస్టాటిన్ కొలెస్టరాల్ మందు, దాని ఫలితం వారాల మీద తెలుస్తుంది. ఆసుపత్రికి వెళ్లాక వేసుకున్నా నష్టమేమీ లేదు. మనవాళ్లకు గురి మాత్రం నొప్పి తగ్గించేదాని మీదే. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఈ నాలుక కింద మందుకు మూలం ఒక పేలుడు పదార్థం. 1847లో ఇటలీలోని ట్యూరిన్‌లో అస్కానియో సొబ్రేరో అనే రసాయన శాస్త్రవేత్త నైట్రోగ్లిజరిన్ తయారుచేశాడు. ఆ రోజుల్లో కొత్త పదార్థాన్ని రుచి చూడటం మామూలే. ఆయన కూడా చిటికెడులో చిటికెడంత నాలుకకు తగిలించుకున్నాడు. గంటల తరబడి విపరీతమైన తలనొప్పి పట్టుకుంది. తలలోని రక్తనాళాలు ఒక్కసారిగా వెడల్పయినందువల్ల వచ్చిన నొప్పి అది. సార్బిట్రేట్ వేసుకోగానే తల దిమ్మెక్కిపోతోందని ఇవాళ మన పెద్దవాళ్లు చెప్పేదానికీ కారణం అదే. మందు పడలేదని కంగారుపడాల్సిన పనిలేదు, అది పనిచేస్తోందన్నమాట.

1867లో స్కాట్లండ్ డాక్టరు లాడర్ బ్రంటన్, అమైల్ నైట్రైట్ ఆవిరి పీలిస్తే గుండెనొప్పి తగ్గుతోందని గమనించాడు. కానీ ఆ ఉపశమనం కొద్దిసేపే. లండన్‌లో విలియం మరెల్ బాగా పలచన చేసిన నైట్రోగ్లిజరిన్‌ను ముందు తన మీద, తర్వాత రోగుల మీద పరీక్షించి 1879లో లాన్సెట్ పత్రికలో రాశాడు. నూట యాభై ఏళ్లకు దగ్గరవుతున్నా వైద్యులు ఆ మందును వదల్లేదు. ఆ నైట్రోగ్లిజరిన్‌తోనే డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు కూడా చివరి రోజుల్లో గుండెనొప్పికి డాక్టర్లు దాన్నే రాశారు. అసలు పేరు వింటే మందులషాపువాళ్లూ జనమూ భయపడతారని దానికి ట్రైనైట్రిన్ అని పేరు పెట్టారంటూ ఆయన 1896లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆ ఏడాది డిసెంబరు 10న చనిపోయాడు. ఈ మందు శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువుగా మారి రక్తనాళాల్ని సడలిస్తుందని తెలియడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. నైట్రిక్ ఆక్సైడ్ మీద చేసిన పరిశోధనకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి బహుమతి వచ్చింది. అదీ నోబెల్ బహుమతే.

డైనమైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు సోమవారం తలనొప్పి వచ్చేది. వారం గడిచేకొద్దీ అలవాటుపడిపోయేవాళ్లు. ఆదివారం సెలవు తర్వాత మళ్లీ సోమవారం మొదలు. నైట్రోగ్లిజరిన్, సార్బిట్రేట్ లాంటి మందుల్ని నైట్రేట్లు అంటారు. శరీరం వాటికి అంత త్వరగా అలవాటుపడుతుంది. రోజూ మింగే నైట్రేట్ మాత్రల మధ్య కొన్ని గంటలు ఖాళీ ఉండేలా డాక్టర్లు రాయడం ఇందుకే. రాత్రి మాత్ర రాయడం డాక్టరు మర్చిపోయారేమో అనుకుని సొంతంగా ఇంకోటి వేసుకుంటే అసలుకే మోసం.

ఇక ఇది గుండెకు ఎలా సాయం చేస్తుందో చూద్దాం. పూడిక ఉన్న నాళాన్ని తెరిచేస్తుందనే చాలామంది అనుకుంటారు. గుండె నాళాలు కొంత సడలే మాట నిజమే కానీ, అసలు పని జరిగేది వేరేచోట. ఒంట్లోని సిరలు వెడల్పయి రక్తం కాళ్లలో, కడుపులో ఆగుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం కాసేపు తగ్గుతుంది. గుండె నెట్టాల్సిన బరువు తగ్గితే దానికి కావాల్సిన ఆక్సిజనూ తగ్గుతుంది. సన్నబడిన నాళం నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతోనే అప్పటికి సరిపెట్టుకోగలుగుతుంది. నడిచినప్పుడు వచ్చి, కూర్చుంటే పోయే నొప్పికి ఇది చాలా మంచి మందు. మింగితే మందును కాలేయం చాలావరకు నాశనం చేసేస్తుంది, పైగా ఆలస్యమవుతుంది. నాలుక కింద పెడితే నేరుగా రక్తంలోకి వెళ్లి కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. నోరెండిపోయి మాత్ర కరగకపోతే ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకోవాలి.

గుండెపోటు వేరే వ్యవహారం. నాళం గోడలో పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ గడ్డను సార్బిట్రేట్ కరిగించలేదు. గుండెపోటు వచ్చినవాళ్లకు నైట్రేట్లు అందరికీ ఇస్తే మరణాలు తగ్గుతాయేమోనని రెండు పెద్ద పరీక్షలు చేశారు. ఇటలీలో జరిగిన జిస్సీ-3 ఫలితాలు 1994లో, 58 వేల మందికి పైగా పాల్గొన్న ఐసిస్-4 ఫలితాలు 1995లో వచ్చాయి. రెండింటిలోనూ మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇక్కడ నొప్పి తగ్గడం ఒకటి, జబ్బు తగ్గడం ఇంకొకటి.

మాకు వరసకు బాబాయి ఒకాయన ఉన్నారు. పాత స్టెంటు, జేబులో మాత్ర. ఒక రాత్రి భోజనమయ్యాక ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టాయి. మాత్ర పెట్టుకున్నారు, బరువు సగం తగ్గింది. “తగ్గింది కదే, పొద్దున్నే చూద్దాంలే” అని పిన్నితో చెప్పి పడుకున్నారు. తెల్లవారుజామున మళ్లీ వచ్చింది. ఆసుపత్రికి చేర్చేసరికి గుండెపోటు వచ్చి గంటలయిందన్నారు. ప్రాణం దక్కింది కానీ ఎకోలో పంపింగ్ బాగా తగ్గిపోయింది. అంతకుముందు పొలం దాకా నడిచి వెళ్లి వచ్చే మనిషి, ఇప్పుడు వీధి చివర దుకాణం దాకా వెళ్లడానికి మధ్యలో ఒకసారి ఆగుతున్నారు. ఆ రాత్రి మాత్ర జేబులో లేకపోతే భయపడైనా వెంటనే బయల్దేరేవారేమో.

మాత్రతో నొప్పి తగ్గింది కాబట్టి గుండెదేననో, తగ్గలేదు కాబట్టి గ్యాసేననో తేల్చేసుకోవడం కూడా ప్రమాదమే. అన్నవాహిక బిగుసుకుపోయి వచ్చే నొప్పి కూడా సార్బిట్రేట్‌తో తగ్గుతుంది. గుండెనొప్పి ఉన్నవాళ్లకు గ్యాస్ మందు తాగాక కాసేపు హాయిగా ఉండొచ్చు. తేల్చాల్సింది ఈసీజీ, రక్తపరీక్ష. షుగరున్నవాళ్లకూ, ఆడవాళ్లకూ, వయసు మళ్లినవాళ్లకూ ఒక్కోసారి ఛాతీ నొప్పే రాదు. ఆయాసం, చెమట, వాంతి వచ్చేట్టుండటం, దవడలోనో భుజంలోనో లాగడం, అంతే. ఇంట్లో ఆడవాళ్లు నీరసంగా ఉందంటే పని ఎక్కువైందిలే అని కొట్టిపారేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దాన్ని మానుకోవాలి.

గడ్డకట్టడానికి అడ్డుపడేది ఆస్పిరిన్. రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలుంటాయి. గాయమైన చోట అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డకు పునాది వేస్తాయి. మిగతా ప్లేట్‌లెట్లను పిలిచే రసాయనాన్ని అవే తయారుచేస్తాయి. అది తయారయ్యే ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా మూసేస్తుంది. మామూలు కణమైతే కొత్త ఎంజైము తయారుచేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం ఉండదు కాబట్టి ఆ పని చేతకాదు. బతికే వారం, పది రోజులూ అలా ఉండిపోవాల్సిందే. ఒక చిన్న మాత్రకు ఇంత శక్తి రావడానికి కారణం ఇదే.

1988లో వచ్చిన ఐసిస్-2 ఫలితాలు వైద్యాన్ని మార్చేశాయి. గుండెపోటు వచ్చిందని అనుమానించిన 17,187 మందిని పరీక్షించారు. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 5 వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా 11.8 శాతం మంది చనిపోతే, రోజుకు సుమారు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో 9.4 శాతం. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా కలిపి ఇచ్చినవాళ్లలో అది 8 శాతం, రెండూ లేనివాళ్లలో 13.2 శాతం. రూపాయల్లో వచ్చే మందు ఇంత చేసింది.

గుండెపోటు అనిపించినప్పుడు వాడే మోతాదు సుమారు 300 మిల్లీగ్రాములు, అదీ నమిలి మింగాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే ఎకోస్ప్రిన్ అనే ఆస్పిరిన్ మాత్ర మీద కడుపులో కరగకుండా పూత ఉంటుంది. అలాగే మింగేస్తే రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. 75 మిల్లీగ్రాములవైతే నాలుగు, 150వైతే రెండు, బాగా నమలాలి. నీళ్లలో కరిగే ఆస్పిరిన్, సుమారు 300 మిల్లీగ్రాములది ఉంటే ఒకటి చాలు. ఆస్పిరిన్ పడనివాళ్లు, దానివల్ల ఉబ్బసం వచ్చేవాళ్లు, కడుపులో పుండుతో రక్తం పోతున్నవాళ్లు వేసుకోకూడదు. మూతి వంకరపోయి, మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు. మెదడులో రక్తస్రావం జరిగి ఉంటే ఆస్పిరిన్ విషమే. కాబట్టి ముందు 108కి ఫోను, వాళ్లు అడిగినవి చెప్పడం, వద్దనే కారణమేదీ లేకపోతే ఆస్పిరిన్.

సార్బిట్రేట్‌ను పక్కవాళ్లకు ఇవ్వడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బస్సులో ఎవరో ఛాతీ పట్టుకోగానే మంచి మనసుతో ఇంకొకరు తమ జేబులోది తీసి ఇస్తారు. ఆ మనిషి బీపీ అప్పటికే పడిపోయి ఉంటే ఇది ఇంకా పడేస్తుంది. గుండె కుడివైపు గదికి దెబ్బతగిలే రకం గుండెపోటు ఒకటుంది. ఆ గుండెకు తిరిగొచ్చే రక్తమే ఆధారం, దాన్ని తగ్గించే మందు వేస్తే మనిషి కుప్పకూలిపోవచ్చు. బయటి నుంచి చూసి ఏ రకమో ఎవరూ చెప్పలేరు.

ఇంకోటి, మన ఇళ్లలో నోరు విప్పని విషయం. వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అలాంటిదే అయిన టడలాఫిల్ వేసుకుంటే 48 గంటల వరకు నైట్రేట్ ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. క్యాజువాలిటీలో డాక్టరు అడిగితే భార్యాపిల్లల ముందు సిగ్గుపడి లేదనేవాళ్లు ఉంటారు. డాక్టరును పక్కకు పిలిచైనా చెప్పాలి.

డాక్టరు రాసిచ్చినవాళ్లు వాడే పద్ధతి కష్టమైందేమీ కాదు. నొప్పి రాగానే చేస్తున్న పని ఆపి కూర్చోవాలి. నిలబడి వేసుకుంటే కళ్లు తిరిగి పడతారు. తెల్లవారుజామున బాత్రూములో అలా పడి తలకు దెబ్బ తగిలించుకునేవాళ్లున్నారు. ఒక మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. 5 నిమిషాల్లో తగ్గకపోయినా, ఎక్కువైనా ఇక ఆగకుండా 108కి ఫోను చెయ్యాలి. ఎప్పుడూ వచ్చేదానికన్నా గట్టిగా వచ్చినా, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా, చెమటలు పట్టినా మాత్రతో తగ్గిందా లేదా అని చూడక్కర్లేదు, బయల్దేరడమే. శ్రమ చేసేముందు కొందరిని డాక్టర్లు ముందుగానే ఒకటి పెట్టుకోమంటారు. అలాగని ఆ ధైర్యంతో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేద్దామనుకోవద్దు. గుండె జబ్బున్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీయే చెబుతోంది.

దాచుకోవడం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. మందులషాపులో నాలుగు మాత్రలడిగితే స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మనకొచ్చిన ముక్క మీద తేదీ ఉండదు, ఒక్కోసారి పేరు కూడా సగమే ఉంటుంది. అది పర్సులో నెలల తరబడి నలిగి, మాత్ర రేకులోనే పొడైపోతుంది. తేదీ ఉన్న ముక్కే అడిగి తీసుకోండి, గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో స్ట్రిప్పుతో సహా పెట్టండి. మేలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారులో ఏ మందూ నిలవదు, కారు డాష్‌బోర్డులో పెట్టి మర్చిపోవద్దు. నైట్రోగ్లిజరిన్ మాత్రలైతే ఆవిరైపోయే గుణమున్నవి, వాటిని వచ్చిన గాజుసీసాలోనే ఉంచాలి, దూది కుక్కకూడదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మందును చేతి సామానులోనే, ప్రిస్క్రిప్షన్‌తో కలిపి పెట్టుకోవాలి. లగేజీలో వేస్తే విమాన ప్రయాణం పొడుగునా అందదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఖరీదు వేలల్లో ఉంటుంది. దాన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైంది, తెలంగాణలోనూ స్టెమీ పేరుతో ఉంది. ఆ ఇంజెక్షన్ తొలి గంటల్లో పడితేనే ఎక్కువ ఫలితం. మీ ఊరికి దగ్గర్లో ఈసీజీ తీసి ఆ ఇంజెక్షన్ ఇవ్వగలిగే ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కోండి. మాత్ర ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. స్ట్రిప్పుతో పాటు ఒక చీటీలో రోజూ వాడే మందులు, పడని మందులు, స్టెంటు వేసిన ఏడాది రాసి పెట్టండి. అంబులెన్సు వచ్చేలోగా నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, నాలుక కింద మాత్ర ఎన్ని గంటలకు ఎన్ని పెట్టారో, ఆస్పిరిన్ ఎంత నమిలారో కూడా అదే చీటీ మీద రాసి, క్యాజువాలిటీలో డాక్టరు చేతికివ్వండి.