శాపం తగిలిన వజ్రం గురించి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

అడవిలో మరుగునపడిన గుడి, విగ్రహం కంటిలో రత్నం, దాన్ని పెకలించిన తెల్లదొర, అతన్ని వెంటాడే శాపం: ఇలాంటి కథలు చదివి, ఇవి నిజంగా జరిగాయా అని అడిగారు. 1923లో షికాగోలో మొదలైన ‘వియర్డ్ టేల్స్’ వంటి పత్రికలు, చౌకరకం కాగితం మీద, ఇటువంటి భయానక కథలను విరివిగా అచ్చువేసేవి. కథకు గుడి దూరదేశంలో ఉంటేనే మేలు, ఎందుకంటే అక్కడ ఏమి జరిగిందని రాసినా కాదనే పాఠకుడు ఉండడు.

ఇదే కథను అంటగట్టిన అసలు వజ్రం ఒకటి ఉంది. దాని పేరు హోప్ వజ్రం, నీలిరంగు, 45.52 క్యారట్లు. టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు దాన్ని దేవతా విగ్రహం నుంచి దొంగిలించాడనీ, ఆ పాపానికి కుక్కలు అతన్ని చీల్చి చంపాయనీ చెబుతారు. నిజానికి అతడు ఆ రాయిని ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మి, ధనమూ బిరుదూ సంపాదించి, ఎనభై ఏళ్లు దాటాక 1689లో రష్యాలో మరణించాడు. ఇక శాపం సంగతి. నగల వర్తకుడు పియర్ కార్టియే, ఎవలిన్ వాల్ష్ మెక్లీన్ అనే అమెరికన్ ధనికురాలికి వజ్రాన్ని చూపించినప్పుడు, దాని దురదృష్టాలన్నీ వరుసగా వినిపించాడు. ఇతరులకు చెడు చేసేది తనకు కలిసివస్తుందని నమ్మే ఆమె 1911లో దాన్ని కొన్నది. తరువాత ఆమె పెద్ద కొడుకు చిన్న వయసులోనే కారు ప్రమాదంలో పోయాడు. పత్రికలవారికి అంతకంటే ఏం కావాలి?

ఆ రాయి మన కృష్ణ ఒడ్డున, ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగిన కొల్లూరు గనిలో దొరికిందని పరిశోధకుల అభిప్రాయం. టావెర్నియర్ ఆ గనిని స్వయంగా చూసి, అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారనీ, మగవారు తవ్వితే ఆడవారూ పిల్లలూ మట్టి మోస్తారనీ రాశాడు. తవ్వకం మొదలుపెట్టే ముందు యజమాని ఒక చిన్న రాతి విగ్రహాన్ని తెచ్చి నేలమీద నిలిపితే, కూలీలందరూ దానికి మూడుసార్లు సాగిలపడేవారట. పూజారి ప్రార్థన ముగించి, ఒక్కొక్కరి నుదుట కుంకుమపువ్వూ జిగురూ కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఏడో ఎనిమిదో బియ్యపు గింజలు అంటించేవాడట. ఆ విగ్రహానికి రత్నాల కళ్లు ఉన్నట్లు అతడు రాయలేదు. గుడి దోపిడీ కథ అల్లినవారు ఈ వేలమంది కూలీలను పూర్తిగా వదిలేశారు. నాకు దెయ్యంకంటే ఆ సంగతే ఎక్కువ విడ్డూరంగా తోస్తుంది.

వజ్రం 1958 నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. టావెర్నియర్ యాత్రా వృత్తాంతం నా బీరువాలో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు కొల్లూరు అధ్యాయం చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య