ఎద్దుకు ఆధార్ ఉంది, చట్టం లేదా? అపోహలు - వాస్తవాలు

"సార్, ఎద్దుల్ని కాడికి కడితే ఇంక కేసంట గదా? మా మనవడు ఫోన్లో చూపించినాడు. మనుషులకుండే హక్కులన్నీ కోర్టోళ్లు గొడ్లకు ఇచ్చేసినారంట."

మొన్న ఏప్రిల్‌లో ఆదోని పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన మా పశువుల ఆసుపత్రికి బండి తోలుకొని వచ్చి అడిగిన మొదటి మాట ఇది. ఎడమ ఎద్దు మెడ మీద అరచేయంత కాడిపుండు. దాని సంగతి పక్కన పెట్టి ముందు కేసు గురించి అడిగాడంటే మనిషి ఎంత టెన్షన్‌లో ఉన్నాడో చూడండి. ఇట్లాంటివి వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు ఒక వారం గొడ్లచావడి ఊడ్చే పని ఇవ్వాలి.

అపోహ: జంతువులకు మనుషులతో సమానంగా హక్కులు వచ్చేశాయి.

రాలేదు. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం 21వ అధికరణంలో ఉన్న ‘ప్రాణం’ అన్న మాట జంతువుల ప్రాణానికి కూడా వర్తిస్తుందని చెప్పింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు, 2019లో పంజాబ్-హరియాణా హైకోర్టు ఇంకొంచెం ముందుకు పోయి జంతువులను చట్టం గుర్తించే వ్యక్తులుగా ప్రకటించాయి. ఫోన్లో తిరిగేదంతా వీటి తోకలు పట్టుకొని అల్లినదే. 2023 మే 18న సుప్రీంకోర్టులోనే ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఏమందో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. జంతువులకు ప్రాథమిక హక్కులు ఇచ్చిన పూర్వపు తీర్పేదీ మన దగ్గర లేదు, ఆ పని చట్టసభలే చూసుకోవాలి అని వదిలేసింది. జల్లికట్టుకు వీలిచ్చిన తమిళనాడు సవరణను కూడా సమర్థించింది. కాబట్టి పెద్దాయన కాడి కట్టొచ్చు. పుండున్న మెడ మీద మాత్రం కట్టకూడదు. అది 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోనే ఉంది, కొత్తగా వచ్చింది కాదు.

ఈ భయం వల్ల జనానికి నిద్ర పోతుంది, అంతే. ఇల్లు గుల్ల చేసేది దీనికి పూర్తిగా ఎదురు మాట.

అపోహ: చచ్చిన గొడ్డుకు కేసేంది? మూగజీవాలకు చట్టం లేదు.

నా సర్వీసులో ఈ మాట వల్ల నష్టపోయినవాళ్లను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఒకామెను మాత్రం మర్చిపోలేను. భర్త లేడు, రెండు ఎనుములే (గేదెలే) ఆధారం. గట్టు తగాదాలో ఎవరో రాత్రి తవుడులో పురుగుమందు కలిపి పెట్టారు. తెల్లారేసరికి రెండూ నోట్లో నురగతో పడి ఉన్నాయంట. ఆమె స్టేషన్‌కు పోదామంటే పెద్దమనుషులు ఆపారు. "మూగజీవానికి కేసేందమ్మా, ఊర్లోనే తేల్చుకుందాం" అన్నారు. మధ్యాహ్నానికి తోలు కొనేవాడు వచ్చి రెండింటినీ ఎత్తుకొని పోయాడు. ఊర్లో ఏమీ తేలలేదు. మూడో రోజు నా దగ్గరికి వచ్చింది. టేబుల్ మీద గుడ్డసంచి పెట్టి అందులోంచి రెండు పలుపులు తీసింది. "ఇవి చూసి సర్టిఫికెట్ రాయండి సార్" అంది.

పలుపులు చూసి పోస్టుమార్టం రిపోర్టు ఎట్లా రాసేది?

చట్టం లేక కాదు. పశువుకు విషం పెట్టి చంపడం అప్పటి శిక్షాస్మృతి ఐపీసీలోనే నేరం. పశువుల విషయంలో 5 ఏళ్ల దాకా జైలు. మిగతా జంతువులకు 10 రూపాయల విలువ, 50 రూపాయల విలువ అని గీతలు గీసి పెట్టారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఆ గీతలు పోయాయి. ఏ జంతువైనా సరే, చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా 5 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టగలిగిన కేసు. అడగడమే మీ వంతు.

కాబట్టి పశువు అనుమానంగా చచ్చిపోతే దాన్ని కదిలించొద్దు, పూడ్చొద్దు, అమ్మొద్దు. చెవికి ఉన్న పసుపు ట్యాగు, దాని మీద 12 అంకెలు కనిపించేలా ఫోటో తీయండి. మా వాళ్లు దాన్నే పశు ఆధార్ అంటారు. ఇన్సూరెన్స్ ఉంటే అదే రోజు వాళ్లకు ఫోన్ చేయండి, ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు. తర్వాత స్టేషన్‌లో ఫిర్యాదు. పోలీసుల నుంచి మాకు కాగితం వస్తే పగటి వెలుతురులో పోస్టుమార్టం చేస్తాం. కడుపులోని మేత, కాలేయం, కిడ్నీ ముక్కలు చిక్కటి ఉప్పునీళ్లలో వేసి, సీసాలకు సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతాం. ఉప్పు కిరాణా కొట్టు ఉప్పే. మన ఎండకు కళేబరం గంటల్లో ఉబ్బిపోతుంది, సాయంత్రానికి ఎత్తుకొని పోతారు. కేసు నిలబడేదీ పోయేదీ ఆ ఒక్క పూటలోనే. ఒక్క జాగ్రత్త: పశువు హఠాత్తుగా చచ్చి ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి రక్తం కారుతుంటే ఎవరూ కత్తి పెట్టొద్దు. అది మనుషులకూ అంటుకునే ఆంత్రాక్స్ రోగం కావచ్చు, మేమూ కోయం.

వరదకో, ఇంకో విపత్తుకో పోయిన పశువులకూ ఇదే వరస, అధికారులు చూసి రాసుకున్న కాగితం ఉండాలి. కేంద్రం 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సాయం లెక్కలో ఆవుకూ ఎనుముకూ 37,500, ఎద్దుకు 32,000, గొర్రెకో మేకకో 4,000 రూపాయలు. పూడ్చేసి వచ్చి అడిగితే ఎవరు రాసిస్తారు?

ఇంకా తరచుగా వినేవి కొన్ని. ముల్లుగర్ర మన ఆచారం, దానికి చట్టమేంది అంటారు. బండి ఎద్దుల మీద మేకు దిగేసిన కర్ర వాడకూడదని, బండి లాగే, బరువు మోసే పశువుల కోసం పెట్టిన 1965 రూల్స్‌లోనే ఉంది. ముసలి ఎద్దును రోడ్డు మీద వదిలేస్తే పుణ్యం అంటారు. కాదు, నేరం. చేలో పడ్డ గొడ్డును పట్టి బందెలదొడ్డిలో పెడితే దాని తిండి దొడ్డివాళ్ల పూచీ కాదంటారు. 1871 నాటి చట్టమే దొడ్డి కాపలాదారు మేత, నీళ్లు పెట్టాలని చెప్పింది. కుక్కల సంగతి ఇక్కడ ఎత్తను. అది ఎత్తితే ఇంకేదీ మాట్లాడనివ్వరు.

ఇంతకీ హక్కులు ఉండాలా అని నన్నడిగితే, ముందు ఒక లెక్క చూడండి. మీ ఎద్దును ఇంకొకడు చంపితే 5 ఏళ్ల దాకా జైలు. మీ ఎద్దును మీరే చావగొడితే, జంతుహింస చట్టం కింద మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1960లో రాసిన అంకె, ఇప్పుడు దానికి రెండు టీలు, రెండు బజ్జీలు వస్తాయి. అంటే చట్టం లెక్కగట్టింది యజమాని నష్టాన్ని, ఎద్దు నొప్పిని కాదు.

నోరు లేనిదానికి హక్కేంది, కోర్టుకు వచ్చి చెప్పుకుంటుందా అని లాయర్ మిత్రుడొకడు నవ్వుతాడు. గుడిలో దేవుడు వస్తున్నాడా? దేవుడి మాన్యం దేవుడి పేరునే ఉంటుంది, దావా దేవుడి పేరునే నడుస్తుంది, ఎవరో ఒకరు ఆయన తరఫున నిలబడతారు. ఎద్దు తరఫున అట్లా ఒకరు నిలబడితే తప్పేమిటో నాకు అర్థం కాదు. ఎద్దుకూ మన సమాజంలో సభ్యత్వం ఉంది అంటే పెద్ద మాటగా వినపడుతుంది గానీ, ఏరువాక పున్నమి నాడు మా పడమటి పల్లెల్లో చూడండి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. ఎద్దులకు పెట్టిన తర్వాతే ఇంట్లోవాళ్లు తింటారు. సభ్యత్వం ఉంది. పని చేసినన్నాళ్లే ఉంది. చిక్కంతా అక్కడే. ముసలిదైన ఎద్దుకు రోజూ మేత వేయాలంటే రెండెకరాల మెట్ట రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? సంతకు తోలిన రైతును తిట్టడం నాకు చేతకాదు. హక్కు రాసేవాళ్లు ఆ మేత ఖర్చు కూడా ఎవరిదో రాయాలి.

పెద్దాయన దగ్గరికి వద్దాం. పుండు కడిగి మందు రాశాను, పుండు మానేదాకా కాడి వద్దన్నాను. అప్పటికి పన్నెండున్నర. 37 డిగ్రీలు దాటిన చోట పన్నెండు నుంచి మూడు దాకా ఎద్దును బండికి కట్టకూడదు, రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించకూడదు, ఇవి కూడా ఆ 1965 రూల్స్‌లోవే అని చెప్పాను. ఆయన ఎండ వైపు చూశాడు. "మాకు ఫిబ్రవరి నుంచే గదా సార్ ఇట్లా" అన్నాడు.

ఎడ్లను విప్పి వేపచెట్టు కింద కట్టేసి, పక్కనే తువ్వాలు పరుచుకొని పడుకున్నాడు. మూడు దాటినాక లేచి, బండి మా ఆవరణలోనే వదిలేసి రెండు పలుపులూ చేత పట్టుకున్నాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"నడిపించుకొని పోతే కేసు లేదు గదా సార్?"