వేసవి సెలవులు, ఎదిగే పిల్లలు, అమ్మ: అపోహలు - వాస్తవాలు

కౌమార వయసు పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడటం నా వృత్తి. సెలవులు మొదలయ్యాక నా దగ్గరికి వచ్చే అమ్మల్లో రెండు రకాల దిగులు కనిపిస్తుంది. "రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు, ఒక్క పూటా సవ్యంగా సాగడం లేదు" అనేది ఒకటి. "నేనే ఏదో తక్కువ చేస్తున్నానేమో" అనేది రెండోది. మొదటిదానికి చాలావరకు పిల్లల వయసే కారణం. రెండోదానికి కారణం మనం ప్రశ్నించకుండా మోస్తున్న కొన్ని నమ్మకాలు. చిన్నప్పుడు వాళ్ల రోజును అమ్మే నడిపింది. పదేళ్లు దాటాక ఆ పని కొంచెం కొంచెంగా వాళ్ల చేతికి వెళ్లాలి, అమ్మ అందుబాటులో ఉంటే చాలు. సెలవుల్లో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం ఈ మార్పు దగ్గరే మొదలవుతాయని నా అనుభవం.

అపోహ: పొద్దెక్కేదాకా పడుకుంటున్నారంటే బద్ధకం ముదిరినట్టే.

యుక్తవయసు మొదలయ్యాక ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర వేళయిందని శరీరానికి చెప్పే మెలటోనిన్ హార్మోను చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా విడుదలవుతుంది. దానికి తోడు, మేలుకుని ఉన్నకొద్దీ పేరుకోవాల్సిన నిద్రమత్తు కూడా ఈ వయసులో నెమ్మదిగా పేరుకుంటుంది. అందుకే తొమ్మిదింటికల్లా పడుకోమంటే పదిహేనేళ్ల పిల్లాడు మంచం మీద దొర్లుతూ ఉంటాడు. అది మొండితనం కాదు, నిజంగానే నిద్ర రాదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కడన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఈ సంగతిని బయటపెట్టాయి. టీనేజీ పిల్లల బడులు ఉదయం 8:30 కంటే ముందు మొదలుకాకూడదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో సిఫారసు చేసింది కూడా అందుకే.

బడి ఉన్నన్నాళ్లూ ఆలస్యంగా పడుకుని, తెల్లారగానే లేచి పరిగెత్తిన పిల్లల మీద నిద్ర బాకీ ఉంటుంది. సెలవుల మొదటి వారం, పది రోజులు ఎక్కువసేపు పడుకుంటే ఆ బాకీ తీరుతోందని అనుకోండి. ఆ రోజుల్లో దుప్పటి లాగి లేపకండి.

ఆ తర్వాత మాత్రం కొంచెం పట్టించుకోవాలి. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. "మూడింటికి పడుకుని పన్నెండింటికి లేస్తే తొమ్మిది గంటలు అయిపోయాయిగా" అని పిల్లలు లెక్క చెబుతారు. లెక్క తప్పేమీ కాదు. కానీ అలా జరిగిపోయిన గడియారాన్ని బడి తెరిచే వేళకు మళ్లీ ముందుకు తేవడం చాలా కష్టం. పైగా ఇంట్లో మిగతా వాళ్లతో కలిసి కూర్చునే పూటలన్నీ వాళ్ల నిద్రలోనే పోతాయి.

ఇక్కడ నేను చెప్పే సలహా ఒకటే. పడుకునే వేళ గురించి పోట్లాట మానేసి, లేచే వేళను పట్టుకోండి. నిద్రపొమ్మని ఎవరినీ బలవంతం చేయలేం గానీ లేపగలం. బడి రోజులతో పోలిస్తే గంటన్నర, రెండు గంటలకు మించి తేడా రాకుండా చూస్తే చాలు. లేవగానే కళ్లకు పగటి వెలుతురు తగలాలి, అదే గడియారాన్ని ముందుకు జరుపుతుంది. రాత్రిపూట ఇంట్లో దీపాలు తగ్గించండి. బడి తెరవడానికి రెండు వారాల ముందు నుంచి, రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున లేచే వేళను ముందుకు తెండి.

అపోహ: ఇంట్లో పిల్లలందరికీ ఒకే రూలు ఉంటేనే న్యాయం.

పదేళ్ల చెల్లికి, పదిహేనేళ్ల అన్నకు ఒకే నిద్ర వేళ, ఒకే ఫోను నియమం, ఒకే హద్దు పెడితే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది. చిన్నదానికి అది మోయలేనంత స్వేచ్ఛ, పెద్దవాడికి ఊపిరాడనంత కట్టడి. ఒంట్లో జరిగే మార్పులూ వేరే. ఆడపిల్లలు ఎక్కువ వేగంగా పొడవు పెరిగేది సుమారు 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలు 14 ప్రాంతంలో. అంటే ఒకే వేసవిలో ఒకరికి ఎప్పుడూ ఆకలి, ఒకరికి ఎప్పుడూ నిద్ర, ఇంకొకరికి కారణం లేని ఏడుపు ఉండొచ్చు.

"వాడికైతే ఇచ్చావు, నాకెందుకు ఇవ్వవు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నీకు పదమూడు వచ్చాక నీకూ అదే" అని వయసుతో ముడిపెట్టి చెప్పండి, ఆ రోజు వచ్చినప్పుడు మాట నిలబెట్టుకోండి. ఎప్పుడు తన వంతు వస్తుందో తెలిసిన పిల్ల వేచి ఉండగలదు. ఇక్కడ పెద్దపిల్లల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెద్దపిల్లను చిన్నవాళ్లకు కాపలాగా రోజంతా కూర్చోబెడితే తన సెలవులు పోతాయి. గంటో రెండు గంటలో అడగండి, ముందే చెప్పి అడగండి.

అపోహ: ఖాళీగా ఉంటే చెడిపోతారు, ప్రతి గంటా ఏదో ఒక పని పెట్టాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో నమ్మకం ఉంది: సెలవులంటే సెలవులే, ఏ కట్టుబాటూ వద్దని. రెండూ పనిచేయవు. బడి లేని రోజుల్లో పిల్లల కదలిక తగ్గుతుందని, నిద్ర వేళలు చెదురుతాయని, తిండి, స్క్రీన్లు అదుపు తప్పుతాయని 2017లో అమెరికా పరిశోధకులు కొందరు ఒక ప్రతిపాదన చేశారు. రోజుకు ఒక ఆకారం ఉండటమే పిల్లల ఆరోగ్యాన్ని కొంత కాపాడుతుందని వాళ్ల వాదన. నా దగ్గరికి వచ్చే ఇళ్లలో నేను చూసేదీ అదే.

కానీ ఆకారం అంటే గంటల వారీ పట్టిక కాదు. పందిరికి నాలుగు రాటలు గట్టిగా ఉంటే చాలు, మధ్యలో ఖాళీ ఉన్నా ఫరవాలేదు. ఆ నాలుగూ నా లెక్కలో ఇవి: లేచే వేళ, అందరూ కలిసి తినే ఒక పూట, ఒళ్లు అలిసేలా ఒక గంట, ఎవరి వంతు ఇంటిపని వాళ్లు చేయడం. ఆ గంట ఊరికే చెప్పింది కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఉంది. మిగతా సమయం వాళ్లది.

ఆ మిగతా సమయంలోనే "అమ్మా, బోర్ కొడుతోంది" వస్తుంది. పదకొండేళ్ల పిల్ల ఆ మాట అనగానే మీరు పది ఉపాయాలు చెప్పారంటే, పదీ కాదంటుంది. ఎందుకంటే తను అడిగింది ఉపాయం కాదు, తోచకపోవడాన్ని ఎవరైనా తీసేయమని. "అవునా, సరే, ఏం చేస్తావో చూడు" అని మీ పని మీరు చేసుకోండి. కాసేపు సణుగుతుంది, చుట్టూ తిరుగుతుంది, తర్వాత ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఆ పట్టుకోవడం నేర్చుకోవడానికి ఏడాది మొత్తంలో వాళ్లకు దొరికే అవకాశం వేసవే. మీరు ఆ సణుగుడును ఓర్చుకుంటే అదే పెద్ద సాయం.

అపోహ: ఫోను రోజుకు రెండు గంటలు దాటితే పిల్లలు పాడైనట్టే.

రెండు గంటల లెక్క పాతది. బడి వయసు పిల్లలకు, టీనేజీ వాళ్లకు అందరికీ సరిపోయే ఒక అంకె ఇవ్వడం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లోనే మానేసింది. ప్రతి కుటుంబం తనకు తగిన ప్రణాళిక వేసుకోవాలని చెప్పింది. గంటలు లెక్కపెట్టడం కంటే ఫోను దేన్ని పక్కకు నెట్టేస్తోందో చూడండి. నిద్ర పోతోందా? ఒంటి కదలిక పోతోందా? ఎదురుపడి కలిసే స్నేహితులు తగ్గిపోతున్నారా? ఈ మూడూ నిలిచి ఉంటే, ఎండ మండే మధ్యాహ్నం స్నేహితులతో కలిసి ఆడే ఆటకు ఇంకో గంట పోయినా నేను కంగారుపడను. ఏ ఒక్కటి పోతున్నా, గంట ఫోను కూడా ఎక్కువే.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోమంటాను: రాత్రి ఫోన్లన్నీ పడకగదుల బయట ఉండాలి. అమ్మ ఫోను, నాన్న ఫోను కూడా. ఇక పదమూడేళ్ల లోపు పిల్లలు సోషల్ మీడియా ఖాతా అడిగితే, చాలా సంస్థల సొంత నిబంధనల్లోనే కనీస వయసు 13 అని ఉంటుంది. ఆ మాట నేరుగా చెప్పండి.

అపోహ: రెండు నెలల్లో చదివిందంతా మర్చిపోతారు.

కొంత జారడం నిజమే. 1996లో అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ బృందం పాత అధ్యయనాలను కలిపి చూస్తే, సెలవుల్లో సగటున నెల రోజుల చదువంత వెనకబడినట్టు, చదవడం కంటే లెక్కల్లో ఎక్కువ నష్టపోయినట్టు తేలింది. తర్వాత వచ్చిన పరిశోధకులు కొందరు ఆ కొలతల మీద సందేహాలు లేవనెత్తారు. ఏదేమైనా వచ్చే తరగతి పుస్తకాలు ముందే ముగించాల్సిన అవసరం లేదు. రోజూ కాసేపు లెక్కలు, తనకు నచ్చిన పుస్తకం ఏదైనా చాలు.

అపోహ: టీనేజీ వచ్చాక వాళ్లకు అమ్మ అక్కర్లేదు.

ఇది అమ్మలను లోపల్లోపల కోసేసే నమ్మకం. పిలిస్తే పలకడు, గదిలోకి వెళ్తే "ఏంటి?" అంటాడు, అదే స్నేహితుడి ఫోను మోగితే మొహం వెలిగిపోతుంది. 2022లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 7 నుంచి 16 ఏళ్ల పిల్లలకు వాళ్ల అమ్మ గొంతు, పరిచయం లేని గొంతులు వినిపించి మెదడు స్కాన్లు తీశారు. చిన్నవాళ్ల మెదడులో సంతోషానికి సంబంధించిన భాగాలు అమ్మ గొంతుకు ఎక్కువగా స్పందించాయి. సుమారు 13 ఏళ్లు దాటాక అదే స్పందన కొత్త గొంతులకు ఎక్కువైంది. రేపు ఇల్లు దాటి బయటి మనుషుల మధ్య బతకాల్సిన పిల్లల మెదడు అందుకు సిద్ధమవుతోందని పరిశోధకుల వివరణ. మీరు తప్పు చేశారని దానర్థం కాదు. ఆ టీనేజీ పిల్లలూ అమ్మ గొంతును దాదాపు పొరపాటు లేకుండా గుర్తుపట్టారు.

ఈ వయసు పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏమైంది?" అంటే చెప్పరు. పక్కపక్కన ఉండి చేతులు ఏదో పని చేస్తున్నప్పుడు, కళ్లు కలవనక్కర్లేనప్పుడు చెబుతారు. బట్టలు మడతపెడుతూ, కలిసి నడుస్తూ, బండి మీద వెళ్తూ, ఎక్కువగా మీరు పడుకోబోయే వేళకు. సెలవుల్లో ఆ వేళలు ఎక్కువ దొరుకుతాయి. అప్పుడు మీరు చేయాల్సింది వినడం. మొదటి రెండు నిమిషాల్లో సలహా వచ్చిందా, మాట ఆగిపోతుంది. "నేను వినాలా, ఏదైనా చెప్పాలా?" అని అడిగే అమ్మలకు పిల్లలు ఎక్కువ చెబుతారు.

అపోహ: పిల్లలకు సెలవులంటే అమ్మకు కూడా విశ్రాంతే.

బడి ఉన్న రోజుల్లో కొన్ని గంటలైనా ఇల్లు ఖాళీగా ఉంటుంది. సెలవుల్లో ఇల్లంతా, రోజంతా మనుషులే. ఉద్యోగం చేసే అమ్మకైతే ఆఫీసులో కూర్చున్నా మనసు ఇంట్లోనే ఉంటుంది. కానీ అలసట అసలు ఎక్కడ పుడుతోందో చూడాలి. 2019లో అల్లిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంటిపని వెనక ఉండే ఆలోచన పనిని నాలుగు ముక్కలుగా విడదీసి చూపించారు: ఏం కావాల్సి వస్తుందో ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో గమనిస్తూ ఉండటం. వీటిలో మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆవిడ గమనించారు.

పిల్లలకు ఇంటిపని చెప్పినా అమ్మ అలసట తగ్గకపోవడానికి కారణం ఇదే. "ఆ బట్టలు ఆరెయ్యరా" అంటే చెయ్యి మాత్రమే వాడిది. ఎప్పుడు ఉతకాలి, సబ్బు అయిపోతోందా, వాన వస్తోందా అనే తలనొప్పి మీది. పద్నాలుగేళ్ల వాడికి పనిని తలతో సహా అప్పగించండి. "ఈ వేసవంతా మనింటి బట్టలు నీ బాధ్యత. సబ్బు అయిపోకముందే చెప్పాల్సిందీ నువ్వే." మొదటి వారం ఎవరికో ఒకరికి ఉతికిన చొక్కా దొరకదు. దొరక్కపోతే పోనివ్వండి. మీరు వెనకాలే వెళ్లి సర్దేస్తే బాధ్యత మళ్లీ మీ దగ్గరికే వచ్చేస్తుంది. పదేళ్ల పిల్లకు చిన్నది, రోజూ ఒకేలా ఉండేది ఇవ్వండి. ఇంట్లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ పనుల్లో తేడా పెట్టకండి. నాన్న వంతు ఉన్నచోట పిల్లలు తమ వంతు గురించి తక్కువ వాదిస్తారు.

రోజులో ఒక గంట మీదని కూడా చెప్పండి. ఆ గంటలో పిలవకూడదు, ప్రమాదమైతే తప్ప. పదేళ్లు దాటిన పిల్లలు దీన్ని బాగానే అర్థం చేసుకుంటారు.

అపోహ: రోజూ ఆడేవాళ్లేగా, ఎండ వాళ్లనేం చేస్తుంది.

పరీక్షల పేరుతో వారాల పాటు లోపలే ఉన్న ఒంటికి వేడి అలవాటు తప్పుతుంది. మళ్లీ అలవాటు పడటానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. కాబట్టి వేసవి శిక్షణ శిబిరం మొదటి రోజే రెండు గంటలు ఆడించనివ్వకండి. నీళ్లు పక్కనే ఉండాలి, మధ్యలో నీడలో ఆగాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా, సొమ్మసిల్లినా అది వడదెబ్బ. అత్యవసర సాయానికి ఫోను చేసి, వాళ్లు వచ్చేలోపే నీడలోకి చేర్చి, చల్లటి నీళ్లతో ఒళ్లు తడపడం మొదలుపెట్టండి.

అపోహ: ముభావంగా ఉండటం ఈ వయసులో మామూలే, దానంతటదే పోతుంది.

చాలాసార్లు మామూలే. పొద్దున చిరాకు, సాయంత్రానికి నవ్వు, అది వయసు. కానీ రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగానో చిటపటలాడుతూనో ఉంటే, ఇష్టమైన ఆటా పాటా వదిలేస్తే, స్నేహితులకు కూడా దూరమైతే, తిండి, నిద్ర బాగా మారిపోతే అది వేరే సంగతి. టీనేజీలో కుంగుబాటు ఏడుపుగానే రావాలని లేదు, కోపంగా కూడా వస్తుంది. బడిలో టీచర్లు గమనించే అవకాశం సెలవుల్లో ఉండదు కాబట్టి ఇంట్లో వాళ్లే గమనించాలి.

అలాంటప్పుడు నేరుగా అడగండి. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది అమ్మలు భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి ఉన్నారని తెలిస్తే పిల్లలకు బరువు తగ్గుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులు, పదునైన వస్తువులు చేతికందకుండా తీసేయండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. బడి తెరిచేదాకా చూద్దామని వాయిదా వేయకండి.