అనంతగిరి అడవికి వచ్చేముందు

పిల్లలూ,

సంక్రాంతి సెలవులకు వికారాబాద్ వస్తున్నారుగా, మూసీ పుట్టిన అనంతగిరి కొండల్లో నడుద్దాం. జనవరిలో పొద్దు పొడిచేసరికి ఆరూ ముప్పావు దాటుతుంది. ఏడింటికల్లా బాట మీదుంటే చాలు. పదయ్యాక ఎండెక్కి పిట్టల సందడి తగ్గిపోతుంది.

తెల్ల చొక్కాలొద్దు, దూరానికే కనపడతాయి. మట్టిరంగువో ఆకుపచ్చవో, నిండు చేతులవి వేసుకోండి. మనిషికో లీటరు నీళ్లు.

అడవికెళ్లి ఏమీ కనపడలేదనేవాళ్లు ఆగకుండా నడిచినవాళ్లే. రాలిన టేకాకు మీద కాలు పడితే అప్పడం విరిగినంత చప్పుడు. అందుకే మట్టి తేలిన చోటే అడుగెయ్యండి. ఇరవై అడుగులకోసారి ఆగి, మనసులో వంద లెక్కపెట్టండి. మనల్ని చూసి నోరు మూసుకున్న పిట్టలు ఆలోపే మళ్లీ అందుకుంటాయి.

నేలనూ చూడండి. రాతి చూరు కింద, వాన తగలని మెత్తటి దుమ్ములో గరాటులాంటి గుంటలుంటాయి, అంగుళం వెడల్పున. అడుగున ఒక పురుగు ఒళ్లంతా దాచుకుని, దవడలు మాత్రం తెరిచి కాచుకుంటుంది. చీమ అంచు జారిందా, ఇసుక ఎగజిమ్మి కిందికి లాగేస్తుంది. గడ్డిపోచతో అంచున నాలుగు రేణువులు రాల్చండి, ఇసుక చిమ్మడం మీకే కనిపిస్తుంది. ఒక్కసారే సుమా! గుంట కూలితే పాపం మళ్లీ మొదట్నించీ తవ్వుకోవాలి. ఇదే పెద్దయ్యాక తూనీగలా రెక్కలొచ్చి ఎగిరిపోతుంది.

తడిమట్టిలో రెండు గిట్టల గుర్తు, వెనక పక్కలకు రెండు చుక్కలు ఉంటే అడవిపంది. అది తాజాగా ఉంటే పొదల్లోకి వెళ్లకుండా వెనక్కి రావాలి.

దురదగొండి కాయలు ఇప్పుడే ఎండుతాయి. గోధుమరంగు మఖమల్ కప్పినట్టు ముద్దుగా ఉంటాయి, ముట్టుకోవద్దు. నూగు అంటితే రుద్దకండి, రుద్దేకొద్దీ చర్మంలోకి దిగుతుంది. ప్లాస్టరు టేపు అంటించి లాగేసి, తర్వాత సబ్బుతో కడగాలి. టేపు చుట్ట మీ సంచిలో పెట్టుకోండి.

పొద్దుటి ఎండకు పాములు బండల మీదికొస్తాయి. చలికి ఒళ్లు బిగిసి చప్పున కదలలేవు, మనం చూసుకోకుండా తొక్కే ప్రమాదం అందుకే. కూర్చునేముందు బండను చుట్టూ చూడాలి, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు.

కోతులకు బిస్కెట్లు వెయ్యొద్దు. అలవాటైతే రేపొచ్చేవాళ్ల చేతుల్లోవి లాక్కుంటాయి.

కొత్త బూట్లు కొనిపించకండి, కరుస్తాయి. బడికి వేసుకునే పాతవే తెచ్చుకోండి.

మీ తాతయ్య